ఆరవ్ అంటే ప్రశాంతతా, అరుపా? పేర్ల అర్థాలు అసలు ఎక్కడ చూడాలి?

కొత్త_మేనమామ
మా అక్కకి బాబు పుట్టాడు. పేరు ఆరవ్ అని ముందే అనుకుని పెట్టుకున్నారు, బావ ఆఫీసులో అందరికీ చెప్పేశాడు కూడా. పిల్లల పేర్ల సైటు ఏది తెరిచినా "ఆరవ్ = ప్రశాంతమైనవాడు" అనే ఉంది. నిన్న మా పెద్దమ్మ (తెలుగు టీచరుగా చేసి రిటైరైంది) వినీ వినగానే "చంటిపిల్లాడికి అరుపు అని పేరేమిట్రా" అనేసింది. అప్పట్నుంచి అక్కకి ఒకటే టెన్షన్. జనన ధ్రువపత్రంలో పేరు ఇంకా రాయించలేదు. ఎవరి మాట నిజం? అసలు ఆ సైట్లను నమ్మొచ్చా?

నిఘంటుపురుగు
మీ పెద్దమ్మగారి మాటే నిజం. రవం అంటే ధ్వని, పక్షుల కలరవం అంటాం కదా. దానికి ముందు 'ఆ' చేరితే ఆరవం. అమరకోశంలో (పాత సంస్కృత పర్యాయపద నిఘంటువు) చప్పుడుకి ఉన్న మాటలన్నీ వరసగా చెప్పుకుంటూ పోయి చివర్లో "ఆరవారావసంరావవిరావాః" అంటాడు అమరసింహుడు. ఆరవం, ఆరావం, సంరావం, విరావం, నాలుగూ మోతలే. వాడుకలో కేక, గోల అనే వైపే మొగ్గు. ఒక సైటువాడు ఏదో రాశాడు, మిగతావాళ్ళు ఎత్తి రాసుకున్నారు, అంతకుమించి దాని వెనక ఏమీ లేదు.

చప్పుడు మీదే మోజు ఉంటే ఆ పక్క పదాలే బాగుంటాయి. ఆకులో బట్టలో కదిలితే వచ్చే చప్పుడు మర్మరం, నగల గలగల శింజితం. శింజిని అంటే మాత్రం వింటినారి.

తలతిక్క88
పుట్టగానే ఏడ్చాడా లేదా? ఏడిస్తే పేరు సరిగ్గా కుదిరినట్టే.

సహస్ర_వాళ్ళమ్మ
ఇంత లోతుగా ఎవరు చూస్తారండీ. మా అమ్మాయి సహస్ర. అంటే వెయ్యి. వెయ్యి ఏమిటి అని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను, మా ఆయనా చెప్పలేడు. దాని క్లాసులోనే ఇంకో ఇద్దరు సహస్రలు ఉన్నారు, మొత్తం మూడు వేలు. పేరు నోటికి బాగుందా లేదా, పిలిస్తే పిల్ల పలుకుతుందా లేదా, అంతే కావాల్సింది.

తలతిక్క88
@సహస్ర_వాళ్ళమ్మ రెండో పాపకి ద్విసహస్ర అని పెట్టకండి, ప్లీజ్.

అరసున్న
ప్రశాంతత ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకో అనుమానం ఉంది. పొట్టి 'అ' పెడితే అ-రవ, అంటే చప్పుడు లేనిది. అక్కణ్ణుంచి నిశ్శబ్దం, అక్కణ్ణుంచి ప్రశాంతత. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే అ, ఆ తేడా ఎవడికీ కనబడదు. పేర్ల సైట్లన్నీ ఇంగ్లీషులో పుట్టినవే కాబట్టి ఒక పేరు అర్థం తీసుకెళ్ళి ఇంకో పేరుకి అంటించేశారు.

అలాగని పొట్టి 'అ'తో అరవ్ అని పెట్టుకుంటే మన దగ్గర ఇంకో చిక్కు. అరవం అంటే తమిళం.

కొత్త_మేనమామ
😂😂 ఇది బావకి చెప్తే ఊరుకోడు. సరే, అరుపు వద్దు, అరవం వద్దు. మరి ఇలా దీర్ఘం పోయి అర్థం మారిపోయిన పేర్లు ఇంకా ఉన్నాయా? మా చిన్నక్క కూతురు అనిక. ఇప్పుడు దాని మీద కూడా అనుమానం మొదలైంది.

నిఘంటుపురుగు
అనీకం అని దీర్ఘం తీస్తే సైన్యం. అనీకిని అన్నా సేనే. సైట్లలో మాత్రం దయ, అందం, దుర్గ, ఎవరికి తోచింది వాళ్ళు రాశారు.

నిశిత అని చాలామంది పెడుతున్నారు. రాత్రి అని రాసి ఉంటుంది. రాత్రి అంటే నిశ, అర్ధరాత్రి అంటే నిశీథం (థకి ఒత్తు చూడండి). నిశితం అంటే సానబెట్టినది. "నిశితంగా గమనించాడు" అని వార్తల్లో రోజూ చదివే మాటే. అలాగే సీత అంటే నాగటి చాలు, సిత అంటే తెల్లనిది. పుల్లంత దీర్ఘం పోతే పొలంలోంచి రంగులపెట్టెలోకి వచ్చిపడతాం.

నిశిత_ఎన్
నా పేరే!! ఇన్నాళ్ళూ అందరూ రాత్రి అనే చెప్పారు, మా నాన్నతో సహా. కత్తికి సానబెట్టడం అయితే మరీ నయం, నా నోటికి సరిగ్గా సరిపోయింది. ఆఫీసులో ఇక ఇదే చెప్తా.

హరి_ఓం
అందుకే పాత పేర్లు పెట్టుకోవాలి అనేది. హరి అంటే విష్ణుమూర్తి, వివాదమే లేదు.

నిఘంటుపురుగు
@హరి_ఓం మీరు అనవసరంగా కదిపారు. అమరకోశం నానార్థవర్గంలో (ఒకే మాటకి ఉన్న పలు అర్థాలు చెప్పే భాగం) హరికి ఉన్న అర్థాలు: యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప. పదమూడు. పైన కపిలవర్ణం అదనం. మీకు నచ్చింది ఏరుకోండి.

తలతిక్క88
హరి గారు కప్ప దగ్గర ఆగారని నాకెందుకో అనిపిస్తోంది.

హరి_ఓం
నేను సింహం దగ్గరే ఆగాను. మీరు ముందుకెళ్ళి వెతుక్కోండి.

అరసున్న
ద్విజ కూడా ఇలాంటిదే. రెండుసార్లు పుట్టినది అని అర్థం, "దంతవిప్రాండజా ద్విజాః" (పన్ను, విప్రుడు, పక్షి) అని అమరమే. విప్రుడు సరే. పక్షి ఒకసారి గుడ్డుగా, ఒకసారి పిల్లగా. పన్ను ఒకసారి పాలపన్నుగా ఊడి మళ్ళీ వస్తుంది. ఆడపిల్లకి ద్విజ అని పెట్టినవాళ్ళు పన్నుని ఉద్దేశించి ఉండరులెండి.

దిరిసెన
మీరంతా సంస్కృతం చుట్టూనే తిరుగుతున్నారు. తెలుగులో మాటలు లేవా? నా పేరు శిరీష. చిన్నప్పుడు అర్థం అడిగితే ఏదో పువ్వు అని చెప్పి వదిలేశారు. ఆ పువ్వుకి తెలుగులో దిరిసెన అని చక్కటి పేరుంది, అందుకే ఇక్కడ అది పెట్టుకున్నాను. వెన్నెల, సిరి, ఈ రెండూ తప్ప అచ్చ తెలుగు పేరు వినపడటమే లేదు ఈ మధ్య.

వాదనప్రియుడు
@దిరిసెన సిరి అచ్చ తెలుగేం కాదు. శ్రీకి వికృతి, అంటే సంస్కృత మాట తెలుగు నోట్లో మారిన రూపం. విష్ణువు వెన్నుడైనట్టు, లక్ష్మి లచ్చి అయినట్టు. పాత నిఘంటువులు దాన్ని తద్భవం కిందే కడతాయి.

దిరిసెన
@వాదనప్రియుడు వచ్చి వెయ్యేళ్ళు దాటిన మాటని ఇంకా చుట్టం అనే అంటారా? ఇంటిదైపోయింది. వెన్నెల మీద కూడా ఏమైనా కేసు ఉందా?

వాదనప్రియుడు
వెన్నెల మీద లేదు. వెన్న లాంటి నెల అని కథలు చెప్తారు గానీ అది వెల్ + నెల. వెల్ అంటే తెలుపు. వెల్ల, వెండి, వెలవెల పోవడం, అన్నీ ఆ తెలుపే. నెల అంటే ముందు చంద్రుడు, తర్వాతే ముప్ఫై రోజులు. నెలవంక, నెలతాలుపు (శివుడు) అన్నచోట చంద్రుడు ఇంకా మిగిలున్నాడు. తమిళంలోనూ వెణ్ణిలా అనే అంటారు.

ఫోను_పలికింది
సిరి అంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో పాప పేరు సిరి. నా ఫోను ఆపిల్ వాళ్ళది. "సిరీ, అన్నం తిన్నావా" అంటే పాప పలకదు, ఫోను పలుకుతుంది. తిట్టినా ఫోనే సారీ చెప్తుంది.

అరసున్న
@ఫోను_పలికింది ఆ సిరికీ మన సిరికీ సంబంధం లేదు. స్కాండినేవియా దేశాల్లో సిగ్రిడ్ అనే పాత పేరుకి అది ముద్దుపేరు. గెలుపు, అందం అని రెండు మాటలు కలిసిన పేరు. వాళ్ళ సిరి గెలుపు, మన సిరి సంపద.

ఒకేలా వినిపించే పేర్లలో తమాషా అయినది కియారా. ఇటలీ భాషలో కియారా అంటే కాంతి, స్వచ్ఛత. ఐర్లండులో ఇంగ్లీషు స్పెల్లింగు దాదాపు అదే, పలకడం మాత్రం కీరా, వాళ్ళ భాషలో దాని మూలానికి అర్థం నలుపు. సైట్లలో రెండూ కలిపి ఒకే పేజీలో పెట్టి "వెలుగు, చీకటి" అని రాసేశారు. చదివినవాళ్ళు ఏదో గొప్ప తత్వం అనుకుంటారు.

తలతిక్క88
కీరా అంటే దోసకాయ.

నిఘంటుపురుగు
సంస్కృతంలో కీరం అంటే చిలుక. ఇక ఆపుదాం.

పెంటయ్య_మనవడు
పై నుంచి అంతా చదివాను. నవ్వొచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది. మా తాత పేరు పెంటయ్య. నిఘంటువు తెరిస్తే పెంట అంటే పేడ, చెత్త. ఆయనకంటే ముందు పుట్టిన పిల్లలు ఒక్కరూ దక్కలేదు. అందుకని పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, అక్కణ్ణుంచి ఎత్తుకొచ్చినట్టు చేసి ఆ పేరు పెట్టారు. పనికిరానిది అనుకుని చావు వదిలేస్తుందని నమ్మకం. భిక్షమయ్యలు, భిక్షమమ్మలు చాలామంది ఇలా వచ్చినవాళ్ళే, అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ అని. తాత తొంభై దాటి బతికాడు. పింఛను కోసం ఒక ఆఫీసుకి వెళ్తే అక్కడి కుర్రాడు పేరు గట్టిగా చదివి నవ్వాడు, నేను పక్కనే ఉన్నాను. తాతేమో వేలిముద్ర ఎక్కడ వెయ్యాలి బాబూ అని అడిగాడు, అంతే.

ఆ పేరుకి అర్థం "బతకాలి" అని. మీ అమరకోశంలో దొరకదు.

సహస్ర_వాళ్ళమ్మ
@పెంటయ్య_మనవడు బాగా చెప్పారు. మా వైపు చుట్టాల్లో కూడా భిక్షమమ్మ ఉండేది, ఎందుకో ఇప్పుడు తెలిసింది.

వాదనప్రియుడు
ఒప్పుకుంటాను గానీ అది వేరు, ఇది వేరు. పెంటయ్య అని పెట్టినవాళ్ళకి పెంట అంటే ఏమిటో బాగా తెలుసు, తెలిసే పెట్టారు. ఆరవ్ అని పెట్టేవాళ్ళకి తెలీదు. నా గొడవ తెలియకపోవడం గురించే.

పెంటయ్య_మనవడు
@వాదనప్రియుడు ఆ మాట సబబే.

స్రవంతి_శ్రవంతి_కాదు
నా బాధ కూడా వినండి. స్రవించేది, అంటే పారేది, స్రవంతి. నది. 'జనజీవన స్రవంతి' అని పేపర్లో రాస్తారు చూడండి, అదే. పెళ్ళి కార్డు నుంచి గ్యాస్ పుస్తకం దాకా అందరూ శ్రవంతి అని రాస్తారు. శ్రవణం అంటే వినడం కాబట్టి వినేదాన్ని అయిపోయాను. సరిచెయ్యమంటే ఒక చోట "రెండూ ఒకటే కదా మేడమ్" అన్నారు.

తలతిక్క88
వినేవాళ్ళైతే సరిచెయ్యమని అడగరుగా మేడమ్.

గురువుగారి_శిష్యుడు
పునీత్, పునీత అన్న పేర్లూ ఉన్నాయి. సంస్కృత వ్యాకరణం ప్రకారం పవిత్రమైనది అనడానికి రూపం 'పూత'. మంత్రపూతం అంటాం కదా, అదే. పునీత వాడుకలో నిలబడిపోయిన మాట. మా గురువుగారు ఆ పేరు విన్నప్పుడల్లా మూతి ముడిచేవారు.

దిరిసెన
@గురువుగారి_శిష్యుడు మరి పాపకి పూత అని పెట్టమంటారా? మామిడి పూతా, గోడ పూతా అని అడుగుతారు. పునీతే నయం.

కొత్త_మేనమామ
అక్క ఇప్పుడు రిత్విక్ అంటోంది. ఇది ఓకేనా? జశ్వంత్ కూడా లిస్టులో ఉంది.

నిఘంటుపురుగు
ఋత్విక్కు అంటే యజ్ఞం చేయించేవాడు. ఋతువు అన్న మాట అందులో ఉంది, తగిన కాలంలో యజ్ఞం చేసేవాడని. మంచి పేరే. కాకపోతే తెలుగులో రాసేటప్పుడు ఋత్విక్ అని రాయించండి. ఋని మనం 'రు' అంటాం, ఉత్తరాదిన 'రి' అంటారు. వాళ్ళ 'రి' ఇంగ్లీషు స్పెల్లింగులోకి ఎక్కి మన దగ్గరికి తిరిగొచ్చి రిషి, రితు, అమ్రిత అయి కూర్చుంది.

జశ్వంత్ కూడా ఆ దారినే వచ్చింది. యశస్సు ఉన్నవాడు. య అక్కడ జ అవుతుంది: యశోద జసోదా, యమున జమున.

వాదనప్రియుడు
@నిఘంటుపురుగు అన్నీ ఉత్తరాది మీద తోసెయ్యకండి. య జ కావడం మన దగ్గరా ఉంది. యాత్ర జాతర అయింది, యోగి జోగి అయ్యాడు, యముణ్ణి జముడు అన్నారు. ఋక్షం (నక్షత్రం) తెలుగులో రిక్క అయింది, రుక్క కాలేదు.

నిఘంటుపురుగు
రిక్క సంగతి బాగా గుర్తు చేశారు. కానీ అవి వికృతులు, నోట్లో అరిగి మారినవి. రిషి అని రాసేవాళ్ళు సంస్కృత పదాన్ని సంస్కృతంగానే పలుకుతున్నామనుకుని రాస్తున్నారు. అది అరుగుడు కాదు, స్పెల్లింగు.

చుక్కలరాణి
రిక్క!! ఆడపిల్లకి ఎంత బాగుంటుంది. ఎవరూ పెట్టలేదా?

తలతిక్క88
స్కూల్లో రిక్షా అని పిలుస్తారు. మూడో రోజుకే.

అరసున్న
@చుక్కలరాణి ఋక్షానికి ఎలుగుబంటి అని కూడా అర్థం ఉంది. అది కూడా చూసుకోండి.

దిరిసెన
అచ్చ తెలుగు మాటలు కావాలంటే ఇవిగో, నాకు నచ్చినవి: ఎలమి (సంతోషం), విరి (పువ్వు), తెమ్మెర (చల్లగాలి), కడలి, మిన్నేరు (ఆకాశగంగ). స్త్రీ అనే అర్థంలో అయితే ఎన్ని మాటలో: ఇంతి, పడతి, మగువ, ఉవిద, తొయ్యలి, నెలత, పొలతి, నాతి, లేమ, కొమ్మ. వీటిలో ఒక్కటి కూడా పేరుగా పెట్టినవాళ్ళు నాకు కనబడలేదు.

వాదనప్రియుడు
లేమ అని పెడితే "మేం లేము" అన్నట్టుంటుంది. పోతన ఆ మాట మీదే పద్యంలో ఆడుకున్నాడు కదా, సత్యభామని లేమా అని పిలిపించి, రాక్షసుల్ని గెలవలేమా అని అడిగించి. కొమ్మ అంటే ఏ కొమ్మ అంటారు. తొయ్యలి అంటే తోసేస్తారు.

సహస్ర_వాళ్ళమ్మ
ఎలమి మాత్రం నిజంగా బాగుంది. కొత్తగా ఉంది, పలకడానికీ సులువు.

పాతపుస్తకం
ఎక్కడ చూడాలి అని మొదట్లో అడిగిన దానికి ఎవరూ సూటిగా చెప్పలేదు. ఆంధ్రభారతి సైటులో పాత నిఘంటువులు చాలా వరకు ఒకే చోట వెతకొచ్చు. బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది, అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి. బహుజనపల్లి సీతారామాచార్యులు గారి శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. అందులో ప్రతి మాట పక్కన చిన్న గుర్తు ఉంటుంది: 'సం.' అంటే సంస్కృతం, 'దే.' అంటే దేశ్యం (అచ్చ తెలుగు మాట), 'వై.' అంటే వైకృతం (వికృతి). సిరి మీద ఇక్కడ జరిగిన గొడవలాంటివి ఆ ఒక్క గుర్తుతో తేలిపోతాయి.

ఒక చిట్కా. ఆరవ్ అని కొడితే దొరకదు, పొల్లు తీసేసి ఆరవము అని వెతకండి. పాతవాళ్ళు 'ము' లేకుండా రాయరు. అసలు ఏ రూపంలో వెతికినా దొరక్కపోతే అది ఈ మధ్య ఎవరో అతికించిన పేరు అయ్యుంటుంది. అతికించిన పేర్లు చెడ్డవని అనను, దానికి "సంస్కృతంలో దివ్యకాంతి" అని సైటులో రాసింది మాత్రం నమ్మకండి.

విహాన్_నాన్న
@పాతపుస్తకం విహాన్ దొరకట్లేదు. అతుకేనా? 😟

పాతపుస్తకం
@విహాన్_నాన్న అతుకు కాదు. హిందీ వైపు బిహాన్ అంటే తెల్లవారడం, అదే ఇది. తెలుగు నిఘంటువులో వెతికితే అందుకే దొరకదు. వేకువ అన్న అర్థం మీ సైటులో ఉంటే అది నిజమే.

విహాన్_నాన్న
హమ్మయ్య. మావాడు తెల్లవారుజామున నాలుగింటికే లేచి అందర్నీ లేపుతాడు.

హరి_ఓం
దు అక్షరంతో పేరు వద్దంటున్నారు మా ఇంట్లో, చెడ్డ అర్థం వస్తుందని. దుర్గ అని పెడదామంటే కూడా గొడవ.

నిఘంటుపురుగు
దుర్ అంటే చెడు ఒక్కటే కాదు, కష్టం అని కూడా. దుర్గమం అంటే చేరడం కష్టమైనది, కోటని దుర్గం అనేది అందుకే. దుర్యోధనుడు అన్నా యుద్ధంలో ఎదుర్కోవడం కష్టమైనవాడు అనే, తల్లిదండ్రులు చూసి చూసి కొడుక్కి చెడ్డ పేరు పెట్టరుగా. మీరు దుర్గ అని నిక్షేపంగా పెట్టుకోండి.

కొత్త_మేనమామ
అప్‌డేట్: బావ ఆరవ్ దగ్గరే ఆగిపోయాడు. పెద్దమ్మ ఋత్విక్ అంటోంది. అక్క ఈ చర్చ మొత్తం చదివి మీరిద్దరూ తేల్చుకోండి అని పడుకుంది. అర్థం ఉండి, గోల లేకుండా, అచ్చ తెలుగులో ఉన్న మగపిల్లాడి పేరు ఇంకేదైనా ఉంటే చెప్పండి.

అరసున్న
మగపిల్లాడికా? నలువ (బ్రహ్మ, నాలుగు నోళ్ళవాడు), ముక్కంటి (శివుడు), వేయికంటి (ఇంద్రుడు). మరీ ఘనంగా కావాలంటే మన్మథుడికి చిలుకతత్తడిరౌతు అని ఉంది. తత్తడి అంటే గుర్రం, రౌతు అంటే దాన్ని ఎక్కేవాడు. చిలుకనే గుర్రంగా ఎక్కి తిరిగేవాడు. ఆడపిల్లైతే గట్టురాచూలి అందును, కొండలరాజు కూతురు, పార్వతి.

సహస్ర_వాళ్ళమ్మ
ఆధార్ కార్డులో పడుతుందా అది?

ఫోను_పలికింది
పడినా ఫోను మాత్రం పలకదు. మంచిదే.

నిశిత_ఎన్
పిలిచేటప్పుడు ఏమని పిలుస్తారు? చిలుకా? రౌతూ?

చిలుకతత్తడిరౌతు
ఈ చర్చ చదువుతూ ఇప్పుడే ఖాతా తెరిచాను. పేరు ఖాళీగా ఉంది, తీసేసుకున్నా. పక్కన అంకెలు కూడా పెట్టాల్సిన పని రాలేదు.